టైలరు కూలి

నోటి నిండా మేకులు పెట్టుకుని మాట్లాడగలిగిన మనిషి ఆ వీధి మొత్తమ్మీద సోఫా మేస్త్రీ ఒక్కడే. పొట్టి మేకులు గుప్పెడు తీసి బుగ్గన పోసుకుంటాడు. నాలుకతో ఒక్కొక్కదాన్నీ తిప్పి పెదాల మధ్యకు తెస్తాడు. అయస్కాంతం ఉన్న సుత్తి మొనతో అందుకుని, చెక్కకు ఠక్కున కొడతాడు. చూసేవాళ్ళు ఎక్కడ మింగేస్తాడోనని ఊపిరి బిగబట్టుకుంటే, ఆయన ఆ మేకుల సందుల్లోంచే బేరాలాడేస్తాడు. కోపమొచ్చినప్పుడు మాత్రం అన్నిటినీ అరచేతిలోకి ఉమ్మేస్తాడు. ఉమ్మేశాడంటే ఇక ఇంట్లోవాళ్ళు సర్దుకుని కూర్చోవాలి.

సోమవారం పొద్దున కాలేజీ నుంచి కాగితం వచ్చినప్పుడు ఆయన ఉమ్మేశాడు.

"సగమా? సగమేంటి? పూర్తిగా ఇస్తామన్నారుగా!"

"ఇస్తామనలేదు నాన్నా, పరిశీలిస్తామన్నారు," అంది చిన్నమ్మాయి. పశువైద్యంలో సీటొచ్చి నెల దాటింది. ఆ నెలా ఆ పిల్ల కాళ్ళు నేలమీద లేవు. ఇప్పుడు దిగాయి. "పరిశీలించి సగం ఇచ్చారు. మిగతా సగం శుక్రవారం సాయంత్రంలోగా మనం కట్టాలి. లేకపోతే సీటు తర్వాతివాళ్ళకి పోతుంది."

"కారణం చెప్పరా?"

"రాశారు." చిన్నమ్మాయి గొంతు సవరించుకుంది. "కుటుంబంలో సంపాదించేవారు ఇద్దరు. ఒకరు తండ్రి. రెండోవారు అక్క, టైలరు, నెలకి పన్నెండు వేలు. కాబట్టి సగం ఖర్చు కుటుంబమే భరించగలదు."

చెక్క తడక వెనక గరగరా తిరుగుతున్న మిషను ఆగింది. ఆస్పత్రి వరండాలో రోగులు కూర్చునే కుర్చీలకి నలభై రెండు రెగ్జిన్ సీట్లు కుట్టాలి. పదకొండు అయ్యాయి. పన్నెండోది సూది కింద ఉంది. పెద్దమ్మాయి పెడల్ మీంచి పాదం తీయకుండానే తల బయటికి పెట్టింది.

"ఎవరికి పన్నెండు వేలు?"

మేస్త్రీ అరచేతిలో మేకులు లెక్కపెట్టుకుంటున్నవాడిలా తల వంచుకున్నాడు. ఆ ఫారం నింపింది ఆయనే. చిన్నది నింపుతానంటే, పెద్ద విషయాలు పెద్దవాళ్ళు చూసుకోవాలని లాక్కున్నాడు.

"మరి ఏం రాయమంటావే?" అన్నాడు చివరికి. "రెగ్జిన్ అరువిచ్చేవాడు మనల్ని ఏం అడుగుతాడు? చేతిలో ఎంత పనుంది, ఎంతమంది చేస్తున్నారనేగా! ఉందంటేనే ఇస్తాడు. లేదంటే పక్క షాపు చూసుకోమంటాడు. ఇదీ అంతే అనుకున్నా. ఇద్దరం సంపాదిస్తున్నామంటే వాళ్ళకీ ఓ నమ్మకం ఉంటుంది కదా!"

"నాన్నా, అది అరువు కాదు. లేనివాళ్ళకిచ్చే సహాయం," అంది చిన్నమ్మాయి.

"లేనివాళ్ళమని నేనెందుకు రాస్తానే?"

తల్లి వంటగది గుమ్మంలోంచి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. డబ్బు ఇంట్లో లేదని ఆమెకు తెలుసు, అందరికీ తెలుసు. చిన్నదాని చదువు కోసమని రెండేళ్ళుగా దాచింది ఉండేది. కాలేజీవాళ్ళు సాయం చేస్తారన్న మాట చెవిన పడ్డ మూడోనాడే మేస్త్రీ దాన్ని తీసుకెళ్ళి, షాపు పెద్దది చేద్దామని పక్క షట్టరు ఓనరుకి అడ్వాన్సిచ్చేశాడు. కొత్త తాళంచెవి మొలకి కట్టుకున్న గుత్తిలో చేరింది. అప్పట్నుంచి మనిషి నడిస్తే చాలు, ఘల్లుఘల్లుమంటోంది. పిల్ల చదువు కాలేజీ చూసుకుంటుంది, మనం షాపు చూసుకుందాం అని ఆయన చేతులు దులుపుకున్నాడు. ఎవరూ తప్పనలేదు. పెద్దమ్మాయి కూడా అనలేదు.

అనలేదు గానీ, ఆవేళ ఆమె ఒక మాట అనబోయింది. "నాన్నా, ఇంక చిన్నదాని ఫీజు బరువు లేదు కదా. మరి నేను..." అని మొదలుపెట్టింది. ఆ 'నేను' దగ్గరికి వచ్చేసరికి ఆయన తాళంచెవి కోసం వీధిలోకి వెళ్ళిపోయాడు. మిగతా మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. ఆయన నోట్లో మేకుల్లాగే, మింగడానికి లేదు, ఉమ్మడానికి లేదు.

మంగళవారం మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని చిన్నదాన్ని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాడు. వస్తూనే చొక్కా విప్పి మేకుకి తగిలించి, నవ్వు మొహంతో స్టూలు మీద కూలబడ్డాడు.

"అయిపోయినట్టే! ఆ మేడమ్ మంచావిడే. పాపం, ఆవిడ కుర్చీలో స్పాంజి చచ్చిపోయింది. కూర్చుంటే బల్ల గడ్డం దాకా వస్తోంది. ఓ గంట చాలండీ, బాగుచేసి పెడతానన్నా. ముందు మీ కాగితాలు బాగుచేసుకోండి అంది."

"ఏం చేయాలట?" అంది తల్లి.

"ఏముంది! పెద్దదానికి సంపాదన లేదని చెప్పా. మరి టైలరని రాశారుగా అంది. ఇంట్లో ఊరికే ఏదో కుడుతుంది లెండి అన్నా. అయితే ఆ అమ్మాయే వచ్చి నా ఎదురుగా సంతకం పెట్టాలంది. శుక్రవారం ఆఖరు. ఇదిగో, ఇదే ఆ ఫారం."

కాగితం తడక పైనుంచి లోపలికి వచ్చింది. పెద్దమ్మాయి సుద్ద అంటిన వేళ్ళు చున్నీకి తుడుచుకుని అందుకుంది. సీటు అంచు చుట్టూ పైపింగు కుడుతూనే చదివింది. కుడికాలు పెడల్ మీద ఉంది, ఎడమచెయ్యి రెగ్జిన్ ముడత పడకుండా లాగి పట్టుకుంది, కళ్ళు అచ్చుమాటల మీద ఉన్నాయి.

'నేను ప్రస్తుతం ఏ పనీ చేయడం లేదు. నాకు ఏ విధమైన ఆదాయమూ లేదు. నేను నా అవసరాలన్నిటికీ తండ్రి మీదనే ఆధారపడి ఉన్నాను. పై విషయాలు నిజమని ప్రమాణం చేస్తున్నాను.'

పెడల్ మీద కాలు బరువెక్కింది. మిషను ఒక్కసారి రయ్యిమని పరుగెత్తి, కుట్టు గీత దాటి పక్కకి పోయింది. స్కూలు చదువు అయ్యాక మిషను ముందు కూర్చున్న ఈ ఆరేళ్ళలో ఆమె కుట్టు గీత దాటడం ఇంట్లో ఎవరూ చూడలేదు. ఇప్పుడూ చూడలేదు. ఆమె నోరెత్తకుండా బ్లేడు తీసి ఒక్కో కుట్టూ విప్పుకుంది.

"ఊరికే ఏదో కుడుతుందా నాన్నా?" అంది విప్పుతూనే.

"ఒసే, ఆవిడతో అలా అనాలే! ఉన్నదున్నట్టు చెప్తే పని జరుగుతుందా?"

"సంతకమేగా," అంది తల్లి. "రెండు గీతలు గీస్తే చెల్లెలి చదువు నిలబడుతుంది."

"పెట్టనని అన్నానా? శుక్రవారం కదా, పెడతాను."

పెడతానని అంది కానీ, ఆ సాయంత్రం నుంచి ఆమెకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు. దారం తెగకపోయినా లేచి దారం చూసింది. అడుగుదారం బాబిన్ నిండుగా ఉన్నా తీసి చూసింది. రెండు కుర్చీలు మోసుకుని ఒకాయన బేరానికి వచ్చాడు. మేస్త్రీ స్పాంజి ఇంత, రెగ్జిన్ ఇంత, టైలరు కూలి ఇంత అని కాగితమ్మీద వరసగా రాసిచ్చాడు. వచ్చినాయన సహజంగానే చివరి అంకె మీద వేలు పెట్టాడు.

"ఈ టైలరు కూలి మరీ ఎక్కువండీ. కాస్త తగ్గించండి."

"నా చేతిలో ఉంటే తగ్గించనా సార్? స్పాంజిలో తగ్గించమనండి, తగ్గిస్తా. టైలరు మాత్రం ఒప్పుకోడు. వాడితో వేగలేక చస్తున్నా. ముక్కు మీద కోపం వెధవకి! నేడో రేపో మానేస్తానంటాడు."

తడక వెనక పెద్దమ్మాయి వింటూనే ఉంది. ఈ మాట ఆరేళ్ళుగా వింటోంది. మొదట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. చెల్లెలితో చెప్పి ఇద్దరూ ఆ ముక్కోపి టైలరుకి మీసాలు పెట్టి, పెళ్ళి కుదర్చబోయి, ఆఖరికి అలిగి వెళ్ళిపోయినట్టు కథలల్లేవాళ్ళు. ఇవాళ నవ్వు రాలేదు. ఆ టైలరుకి కూలి వస్తోంది, కోపం ఉంది, మానేస్తానని బెదిరించే ధైర్యం ఉంది. తనకి వాటిలో ఒక్కటీ లేదు. కుర్చీలాయన అడిగినంతా ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం ఆమె ఫారాన్ని మిషను పక్కనే పెట్టుకుని కుట్టింది. సీటు సీటుకీ మధ్య ఓసారి చదివింది. ముందువైపు అంతా నోటికొచ్చేశాక వెనక్కి తిప్పింది. వెనక చీమల్లాంటి అక్షరాలతో నియమాలున్నాయి. ఎవరూ చదవరన్న ధీమాతో అచ్చేసినట్టున్నాయి. తొమ్మిదో నియమం దగ్గర ఆమె వేలు ఆగింది.

'ఆదాయం లేక తల్లిదండ్రులపై ఆధారపడినవారు, స్కూలు చదువు పూర్తయి, ఇరవై అయిదేళ్ళు నిండనివారైతే, ఇక్కడి ఏ కోర్సులోనైనా తమ చదువు కోసం తామే ఈ సహాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు.'

ఆమెకు ఇరవై నాలుగు. ఇరవై అయిదు నిండడానికి ఇంకా అయిదు నెలలుంది. ఆమె కళ్ళు ఎదురుగోడ మీదికి వెళ్ళాయి. కొలతలు వేసుకోవడానికి సుద్దతో గీసిన గీతలు గోడంతా ఉన్నాయి. గుండ్రటి దిండుకి ఎంత గుడ్డ పడుతుందో చెప్పే లెక్కలవి. వాటి మధ్యన, ఏ దిండుకీ సంబంధం లేని లెక్కలు కూడా కొన్ని ఉన్నాయి. గణితం పుస్తకం పాతదొకటి సంపాదించి, పని లేనప్పుడు ఊరికే చేసుకునేది. గోడ చూసినవాళ్ళు అన్నీ దిండ్లే అనుకునేవాళ్ళు.

ఆమె లేచింది. కాలు కాలిన పిల్లిలా వంటగదిలోకీ షాపులోకీ నాలుగుసార్లు తిరిగింది. మంచినీళ్ళు తాగింది, మళ్ళీ తాగింది.

"అక్కా, నువ్వు ఆ సంతకం పెట్టొద్దు," అంది చిన్నమ్మాయి. కుట్టిన సీట్లకి దారాలు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అంది. "నీ చేతులు చూసి కూడా అలాంటి కాగితం మీద సంతకం పెట్టమంటే ఎలా? ఈ ఏడాదికి నేను మానేస్తాను. వచ్చే ఏడాది చూద్దాం."

"నోర్ముయ్. మానేసి ఏం చేస్తావ్? నా పక్కన ఇంకో మిషను వేయించుకుంటావా?"

"మరి నీకు కోపంగా లేదూ?"

"ఉంది. నీ మీద కాదు."

తల్లి ఆ మాట విని గుమ్మంలోకి వచ్చింది. "కాగితమ్మీద మాటని అంత కడుపులో పెట్టుకుంటే ఎలాగే? నువ్వు పనిచేస్తున్నావని మాకు తెలియదా?"

"కాగితమ్మీద మాటకేగా అమ్మా, సగం సాయం పోయింది. ఆ మాటకి విలువుంది. ఇంట్లో తెలిసినదానికే లేదు."

తల్లి కూతురి మెళ్ళో వేలాడుతున్న టేపుని ఉత్తినే సరిచేసి వెళ్ళిపోయింది.

గురువారం పెద్దమ్మాయి పనిచేసిన తీరు చూసి మేస్త్రీ ఉబ్బిపోయాడు. భోజనానికి కూడా లేవలేదు. రెగ్జిన్ కత్తిరించడం, సుద్ద గీత వేయడం, పైపింగు పెట్టడం, జిప్పు, నాలుగు మూలలు, తిరగెయ్యడం, దారం తెంపడం అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. ముప్ఫయ్యోది, ముప్ఫై అయిదోది, నలభయ్యోది దొర్లుకుంటూ ఇవతల పడ్డాయి. ఆయన వాటిలో స్పాంజి కూరుతూ, అడుగుచెక్కలకి మేకులు కొడుతూ వెనకబడిపోయాడు.

"ఏమే, ఇవాళ నీ ఒంట్లో ఏదైనా దూరిందా? నన్ను పరుగెత్తిస్తున్నావు!"

ఆమె నవ్వింది కానీ తల ఎత్తలేదు. పొద్దువాలేలోగా నలభై రెండోది తడక దాటింది. తర్వాత చేసిన పనులు మేస్త్రీ గమనించలేదు. కుంచె పెట్టి మిషను సందుల్లో పేరుకున్న నూలంతా తీసింది. ఉన్న తొమ్మిది చోట్లా నూనె చుక్కలేసింది. సూది మర విప్పి, సూదిని తుడిచి, సుద్ద డబ్బాలో పెట్టింది. పాత దుప్పటి ఒకటి మిషను మీద కప్పింది. మిగిలిన రెగ్జిన్ ముక్కల్ని కొలతల ప్రకారం చుట్టి కట్టింది. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి కూర్చున్నా దేనికీ వెతుక్కోనక్కర్లేదు.

శుక్రవారం పొద్దున్నే మేస్త్రీ మొన్నటి రెండు కుర్చీల గుడ్డ కత్తిరించి తడక మీద వేశాడు. అది తీసుకునే చెయ్యి రాలేదు. చూస్తే పెద్దమ్మాయి బయటికెళ్ళే బట్టలు కట్టుకుని, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఆఫీసుకి పదింటికి గదా. ఈలోపు ఒకటి కుట్టెయ్."

"లేదు నాన్నా."

"ఏం?"

"ఇవాళ్టి నుంచి నేను ఏ పనీ చేయడం లేదు. చేస్తూ చేస్తూ, చేయడం లేదని ప్రమాణం ఎలా చేయను? నిన్నటితో ఆస్పత్రి పని అప్పజెప్పేశాను. ఇంక సంతకం పెట్టినా అబద్ధం కాదు."

మేస్త్రీ నోట్లో మేకులు అప్పుడే పోసుకున్నాడు. ఉమ్మేయాలని కూడా తోచలేదు. ఆమె గొంతులో దెప్పడం ఉంటే ఒంటికాలి మీద లేచేవాడే. అది లేదు. కొలత చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఇదేం పట్టుదలే?" అన్నాడు మేకుల్లోంచి. "అది కాగితం కోసం! సంతకం పెట్టి వచ్చి కూర్చో. ఎవడొచ్చి చూస్తాడు?"

"ఎవరూ చూడరు. ఆరేళ్ళుగా ఎవరు చూశారు గనక?"

అక్కాచెల్లెళ్ళు వెళ్ళిపోయారు. కాలేజీ ఆఫీసులో మేడమ్ నాన్న చెప్పినట్టే గడ్డం దాకా బల్ల పెట్టుకుని కూర్చుని ఉంది. ఫారం చూసింది, మనిషిని చూసింది, చూపుడువేలి మీద సూది దిగి మానిన మచ్చలు చూసింది.

"మెళ్ళో ఆ టేపేంటమ్మా?"

పెద్దమ్మాయి ఉలిక్కిపడి మెడ తడుముకుంది. బట్టలు మార్చుకుంది గానీ టేపు తీయడం మరిచిపోయింది. తీసి చుట్టచుట్టి గుప్పిట్లో దాచుకుంది. "అలవాటండీ."

"ఏ పనీ చేయడం లేదు కదా?"

"నిన్నటిదాకా చేశానండీ. ఇవాళ్టి నుంచి లేదు."

మేడమ్ కళ్ళద్దాల పైనుంచి కాసేపు చూసింది. "నాకు కావలసింది ఇవాళ్టిదే. పెట్టు."

సంతకం పెట్టింది. చిన్నదానికి పూర్తి సహాయం మంజూరు చేస్తున్నట్టు ముద్ర పడింది. చిన్నమ్మాయి ఆ ముద్ర ఆరకుండానే వేలితో తాకి మసిచేసుకుంది. పెద్దమ్మాయి కదలలేదు.

"అండీ, తొమ్మిదో నియమం ఫారం ఒకటి ఇస్తారా?"

"ఎవరికి?"

"నాకు. గణితం చదువుదామని."

మేడమ్ సొరుగు లాగుతూ, "ఆ వెనకవైపు చదివినవాళ్ళని ఇన్నేళ్ళలో చూడలేదు," అంది. "మీ నాన్న సంతకం కావాలి. వచ్చే బుధవారంలోగా తెచ్చివ్వు."

వాళ్ళు ఇల్లు చేరేసరికి ఆస్పత్రి స్టోరు చూసే ఆయన బండి తెచ్చి సీట్లన్నీ ఎక్కించుకుని, బిల్లు దగ్గర నిలబడ్డాడు. మిషను మీద దుప్పటి తీసి ఉంది. మేస్త్రీ సూది ఎక్కించబోయి విరిచినట్టున్నాడు, రెండు ముక్కలూ నేలమీద పడి ఉన్నాయి. కుర్చీ గుడ్డ మీద ఓ మూరెడు కుట్టు పాములా వంకర్లు తిరిగి ఉంది. అక్కాచెల్లెళ్ళు తడక వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

"కుట్టు మాత్రం గీత గీసినట్టుంది మేస్త్రీ," అన్నాడు ఆస్పత్రాయన. "ఒప్పుకోవాలి. కానీ టైలరు కూలి దగ్గర కొంచెం చూసుకోవాలి నువ్వు."

మేస్త్రీ అలవాటుగా నోరు తెరిచాడు. తడక వెనక ఇద్దరూ ఎదురుచూసిన ముక్కోపి టైలరు మాట రాలేదు. మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకున్నాడు, ఉమ్మకుండా, మెల్లగా.

"తగ్గించను సార్," అన్నాడు. "టైలరు మానేసింది."

"మానేసిందా? ఆడమనిషా? ఎప్పుడూ వాడు వీడు అనేవాడివే!"

"మా పెద్దమ్మాయే సార్."

ఆస్పత్రాయన ఆ మొహం చూసి రాసినంతా ఇచ్చేసి వెళ్ళిపోయాడు. మేస్త్రీ బల్ల మీద నోట్లు అలాగే వదిలేసి వీధిలోకి నడిచాడు. ఘల్లుఘల్లుమంటూ వెళ్ళాడు. పావుగంటకి తిరిగొచ్చాడు. ఈసారి చప్పుడు లేదు.

"పక్క షట్టరు ఒద్దన్నా. అడ్వాన్సులో నాలుగోవంతు కోసుకుని మిగతాది ఇస్తాడట, దొంగముండాకొడుకు," అన్నాడు ఎవరినీ చూడకుండా. "జీతమిచ్చి టైలర్ని పెట్టాలి కదా ఇప్పుడు. ఇంకో షట్టరు ఎక్కణ్ణించి వస్తుంది?"

పెద్దమ్మాయి కొత్త ఫారం ఆయన ముందు పెట్టింది. చిన్నమ్మాయి చెప్పుకుపోతుంటే విన్నాడు. 'గణితం' అన్నచోట తలెత్తి తడక వెనక గోడ వైపు చూశాడు. దిండ్లవి కాని లెక్కల దగ్గర చూపు ఆగింది. సంపాదించేవారు అన్నచోట ఒక్కడి పేరే రాశాడు. సంతకం పెట్టాడు. అన్నిటికన్నా కింద ఒక గడి మిగిలింది: 'ఈ విద్యార్థినికి కుటుంబం నెలనెలా ఇవ్వగలిగినది.'

"అక్కడ సున్నా వెయ్ నాన్నా," అంది చిన్నమ్మాయి గబగబా. "సున్నా వేస్తేనే పూర్తిగా ఇస్తారు. ఎంత రాస్తే అంత కోసేస్తారు."

"సున్నానా?"

"సున్నానే! నీకు తెలిసొచ్చింది కదా!"

ఆయన కలం గడి మీద పెట్టి ఆగాడు. సుత్తి పట్టిన చేతికి కలం ఎప్పుడూ పొందిక కాదు, అయినా ఇంతసేపు ఎప్పుడూ పట్టలేదు. పెద్దమ్మాయి స్టూలు మీద కూర్చుని చూస్తోంది. కింద కుడిపాదం, లేని పెడల్ని తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంది. ఆయన రాశాడు. ఒకటి, రెండు, ఆపైన మూడు సున్నాలు.

"నాన్నా! మళ్ళీ అదే అంకె వేశావేంటి?" చిన్నమ్మాయి కేక పెట్టింది.

"అప్పుడు దానికి ఇస్తున్నట్టు రాశాను," అన్నాడు మేస్త్రీ. "ఇవ్వలేదు."

పెద్దమ్మాయి పాదం ఆగింది. ఆ అంకె అక్కడ ఉంటే తనకొచ్చే సాయంలో ఎంత తెగిపోతుందో ఆమె మనసులోనే లెక్క కట్టేసింది. సగానికి పైనే పోతుంది. వచ్చే నెల నుంచి ఈయన ఎక్కణ్ణించి తెస్తాడో, తేగలడో లేదో కూడా తెలియదు.

"ఇంకో ఫారం తెస్తానక్కా, ఇప్పుడే వెళ్తే ఆఫీసు ఉంటుంది," అని చెల్లెలు చెప్పులు వేసుకోబోయింది.

"ఉండనీ," అంది పెద్దమ్మాయి. కాగితం మడత పడకుండా రెండు రెగ్జిన్ ముక్కల మధ్య పెట్టి చుట్టుకుంది.